కంపాస్ బాక్సులో తెల్లని బిళ్ళ

మా పాప మూడో తరగతిలో ఉండగా దాన్ని దొంగ అన్నారు. అన్నది సిస్టర్ల బడిలో పెద్ద సిస్టర్. ఈ సంగతి నేను మా వీధిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పాను. మిషను తొక్కుతూ చెప్పాను, హుక్కులు వేస్తూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చివర్లో నేనే గెలిచాను. నాలుగేళ్ళు అలాగే గెలుస్తూ వచ్చాను. అది అబద్ధమని మొన్న ఎండాకాలంలో తెలిసింది. అందుకే ఈసారి నోటితో చెప్పకుండా రాస్తున్నాను. నోటితో చెబితే నా నోరు అలవాటుకొద్దీ మళ్ళీ నన్నే గెలిపిస్తుంది.

నేను చదివింది నాలుగో తరగతి వరకు. యాడికి దగ్గర మా పుట్టినూళ్ళో బడి ఉండేది, అయ్యవారు ఉండేవాడు. చెనక్కాయలు పీకే కాలం వస్తే పిల్లలమే ఉండేవాళ్ళం కాదు. అయినా నేర్చుకున్న అక్షరాలు పోలేదు. తెలుగు చదవగలను, నిదానంగా రాయగలను. ఇంగ్లీషు రాదు. పెళ్ళయ్యాక తాడిపత్రి వైపు వచ్చి పడ్డాను. మా ఆయన బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషను మీద పని చేస్తాడు. పని దిగి ఇంటికొచ్చేసరికి ఆయన కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి ఉంటుంది. ఆయనకు ఉన్నది ఒకే ఒక్క పట్టుదల. కూతురు ఆ పొడిలోకి రాకూడదు. ఆ పట్టుదలకు మా ఊళ్ళో ఉన్న దారి ఒక్కటే, సిస్టర్ల బడి.

సీటు కోసం పోయిన రోజు పెద్ద సిస్టర్ మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి ఫారం నింపింది. ఆమెది గుంటూరు వైపు. మాట మెత్తగా ఉండేది, చూపు మాత్రం కాదు. తండ్రి చదువు అడిగింది, పదో తరగతి తప్పాడు అని రాసుకుంది. తల్లి చదువు అడిగింది. "నాలుగు, సిస్టర్" అన్నాను. ఆమె ఆ గడిలో అడ్డంగా ఒక గీత కొట్టి కింది గడికి పోయింది. నాలుగు అని కూడా రాయలేదు. నేను కుర్చీలో కూర్చొని ఆ గీతనే చూస్తూ ఉండిపోయాను. సీటు ఇచ్చినందుకు మా ఆయన రెండు చేతులూ జోడించాడు. నేను జోడించలేదు. ఆ రోజు నుంచే నాకూ ఆమెకూ పడలేదు.

చదువు బాగా చెప్పారు, కాదనను. రెండో తరగతికే మా పాప ఇంగ్లీషు పుస్తకం గడగడా చదివేది. గోళ్ళు కత్తిరించుకోవడం, చేతిగుడ్డ మడిచి పెట్టుకోవడం, తలుపు కొట్టి లోపలికి పోవడం అన్నీ నేర్పారు. అన్నిటికన్నా ముందు నేర్పింది లైను. నీళ్ళకు లైను, అన్నానికి లైను, ఒంటేలుకు లైను. బెంచీ లేస్తే లేవాలి, బెంచీ కదిలితే కదలాలి, ఎందుకని అడగకూడదు. ఎల్‌కేజీలో ఉన్నప్పుడు పాప ఇంట్లో నీళ్ళ కుండ దగ్గర చేతులు కట్టుకొని నిలబడి ఉండేది.

"ఏం పాపా, ముంచుకొని తాగు" అంటే, "నా లైను రాలే మా" అనేది.

"ఓమ్మీ, ఈడ లైనులో నువ్వొక్కదానివే ఉండావు, తాగు" అని మా అత్త మంచంలోంచి నవ్వేది.

మా అత్త గురించి చెప్పాలి. ఆమెకు నడుము విరిగి అప్పటికే రెండేళ్ళు. మంచం దిగలేదు. మంచం దిగకపోయినా ఊళ్ళో ఏ గుడిలో ఏం జరుగుతోందో, పీర్లు ఎప్పుడు లేస్తాయో, పక్క వీధి చర్చిలో పండగ ఎప్పుడో ఆమెకు తెలుసు. ఎవరు ఎక్కడికి పోయి వచ్చినా ఆమె అడిగేది ఒకటే. "నా పాలు యాడ?" గుడికి పోతే కొబ్బరి చిప్పలో ముక్క, పీర్ల చావిడి నుంచి తీపి మలీజ ముద్ద, క్రిస్మస్‌కు కేకు. ఏ దేవుడిదని ఎప్పుడూ అడగలేదు.

"ఏ సామిదైతే ఏమే. కాళ్ళుండేటోళ్ళు పోయి తింటారు. పోలేనోళ్ళకు ఒక పాలు ఉంటాది" అనేది.

అందువల్ల మా ఇంట్లో అది పద్ధతైపోయింది. దేవుడి దగ్గర ఎవరేం చేతిలో పెట్టినా అక్కడే మొత్తం తినేయకూడదు. అవ్వకు సగం తేవాలి. మా పాపకు మాటలతోపాటే వచ్చిన పద్ధతి అది. తెలిసీ తెలియని వయసులో కూడా చేతిలో పెట్టిన చక్కెరను పిడికిట్లో పట్టుకొని, అది చెమటకు కరిగి మోచేతి దాకా కారుతున్నా, ఇంటికి తెచ్చి అవ్వ నోట్లో పెట్టేది.

మూడో తరగతిలో ఉండగా బడిలో వాళ్ళ పండగ వచ్చింది. బడి ఆవరణలోనే చర్చి ఉంది. మామూలు రోజుల్లో పూజకు వాళ్ళ పిల్లలే పోతారు, మిగతా పిల్లలకు క్లాసులో నీతికథలు చెబుతారు. ఆ రోజు మాత్రం అందరినీ తీసుకుపోయారు, క్లాసుల వారీగా బెంచీల్లో కూర్చోబెట్టారు. మూడో తరగతి టీచరు పాటలు పాడే గుంపులో ముందుకు పోయింది. పూజ చేసిన ఫాదర్ కూడా ఎక్కడి నుంచో వచ్చినాయన. ఏ పిల్ల ఎవరి పిల్లో ఆయనకు తెలియదు. చివర్లో ఒక్కొక్క బెంచీ లేచి లైనుగా ముందుకు పోయింది. వాళ్ళ పిల్లలు మాత్రమే లేవాలట. మా పాప బెంచీలో ముందు కూర్చున్న పిల్ల లేచింది, వెనకాలే మా పాప లేచింది. ముందు పిల్ల చేతులు చాపింది, ఈమె కూడా చాపింది. ఫాదర్ తెల్లటి పలుచని బిళ్ళ అరచేతిలో పెట్టాడు. ముందు పిల్ల నోట్లో వేసుకుంది. మా పాప అవ్వను తలుచుకొని పిడికిట్లో దాచుకొచ్చి, క్లాసులో కంపాస్ బాక్సులో పెట్టుకుంది.

ఇదంతా తర్వాత నేను దాని నోటి నుంచి ముక్కముక్కగా రాబట్టిన సంగతి. ఆ సాయంత్రం నాకు తెలిసింది ఇంతే. పాప బడి నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా అవ్వ మంచం దగ్గరకు పోయి, స్కేలుకూ రబ్బరుకూ మధ్యనుంచి ఒక బిళ్ళ తీసి సగానికి విరిచింది.

మా అత్త నోట్లో వేసుకుంది. కాసేపు నాలుక ఆడించింది.

"ఏందమ్మీ ఇది, కాయితం మాదిరుండాది? ఉప్పు లేదు, చక్కెర లేదు, అంగిట్లో అతుక్కున్యాది."

"చర్చిలో ఇచ్చినారు అవ్వా. ఫాదర్ ఇచ్చినాడు."

"అట్లనా. అయితే మంచిదే" అని కళ్ళు మూసుకొని చెంపలు వేసుకుంది. "ఇంకోటి ఉంటే అడిగి తేమ్మీ. పండ్లు లేనోళ్ళకు బాగుండాది."

మిగిలిన సగం నాయనకని పాప డబ్బాలో దాచింది. మా ఆయన ఆ రోజు రెండో షిఫ్టు. పాప నిద్రపోయాక వచ్చాడు, తెల్లారి పాప లేచేసరికి ఆయన నిద్రలో ఉన్నాడు. సగం బిళ్ళ డబ్బాలోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున పాపను దింపడానికి బడి గేటు దాకా పోయాను. గేటు దగ్గర ఆయమ్మ ఉంటుంది. ఆమెది వాళ్ళ చర్చే, నొసట నా కంటే పెద్ద బొట్టు పెట్టుకుంటుంది. జాకెట్లు నా దగ్గరే కుట్టించుకునేది, ఆ చనువు ఉంది. ఎవరూ వచ్చి చాడీ చెప్పలేదు, ఎవరూ పట్టుకోలేదు. నోరు తెరిచింది నేనే.

"ఆయమ్మా, నిన్న పిల్లోళ్ళకు తెల్లబిళ్ళలు ఇచ్చినారంట కదా. మా అత్త ఇంకోటి కావాలంటాంది. యాడ దొరుకుతాయి అవి?" అని, ఎలాంటివో చూపించడానికి పాప కంపాస్ బాక్సు తెరిచాను.

ఆయమ్మ ముఖంలో రంగు పోయింది. నొసటి మీద, గుండె మీద, భుజాల మీద చేయి తిప్పుకుంది. కొంగు పరిచి ఆ డబ్బాను రెండు చేతులతో తీసుకుంది, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు. చెప్పులు అక్కడే వదిలేసి చర్చి వైపు పరుగెత్తింది. నేను గేటు దగ్గర ఆమె చెప్పుల పక్కన నిలబడిపోయాను. నాకు ఏమీ అర్థం కాలేదు.

కాసేపటికి పెద్ద సిస్టర్ గదికి పిలిచారు. నన్ను కూర్చోమనలేదు. పాపను బల్ల ముందు నిలబెట్టింది.

"ఎవరు తెమ్మన్నారు పాపా? నిజం చెప్పు. దేవుడు చూస్తున్నాడు."

ఆ గదిలో ఇంగ్లీషులోనే మాట్లాడాలని పాపకు నేర్పి ఉన్నారు. "గ్రాండ్‌మదర్, సిస్టర్" అంది.

సిస్టర్ నా వైపు తిరిగింది. "అంటే ఇంట్లోనే నేర్పి పంపారన్నమాట."

"నేర్పేదేముంది సిస్టర్? ఏ దేవుని దగ్గర ఏమిచ్చినా అవ్వకు సగం తెస్తాది. మంచంలో ఉండే మనిషి. మా ఇంట్లో పద్ధతి అది."

"ఇది మీ ఇంటి పద్ధతికి సంబంధించినది కాదమ్మా. ఇది తినుబండారం కాదు. మాకిది సాక్షాత్తూ ప్రభువు శరీరం. మా పిల్లలకే ఏళ్ళ తరబడి నేర్పి, పాపాలు ఒప్పించి, అప్పుడు ఇస్తాం. దాన్ని మీరు రబ్బరు ముక్కల్లో పెట్టారు."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు వణికింది. నటన కాదు. అది నాకు తెలిసింది. ఒకరు ప్రాణంగా చూసుకునేదాన్ని మనం తెలియక తొక్కితే ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు. రెండు చేతులూ జోడించాను. సీటు ఇచ్చినప్పుడు జోడించని చేతులు అప్పుడు జోడించాను.

"తెలీక జరిగింది సిస్టర్. తప్పయింది. మీ దేవుని దగ్గరికి నేనే వచ్చి మొక్కుకుంటా. మా అత్త తరపున కూడా నేనే మొక్కుకుంటా."

అక్కడితో ఆగి ఉంటే నేను ఈ రోజు ఇదంతా రాసేదాన్ని కాదు. ఆమె ఆగలేదు.

"తెలియక కాదు. ఇది దొంగతనం."

"దొంగతనం యాడిది సిస్టర్? మీ ఫాదరే కదా చేతిలో పెట్టింది?"

"తినమని పెట్టారు. ఎత్తుకుపొమ్మని కాదు."

"లైనులో లేచి నిలబడమనింది మీరే. బెంచీ లేస్తే లేవాలని ఎల్‌కేజీ నుంచి చెప్తాండారు. లేచింది. ఇస్తే తీసుకుంది. దొంగ ఎవరైనా లైనులో నిలబడి తీసుకుంటారా?"

"మీతో వాదన అనవసరం. చదువుకున్నవాళ్ళకైతే చెప్పవచ్చు."

గుమ్మంలో నిలబడిన క్లర్కు ముందు నేను ఆ మాట పడ్డాను. క్లర్కు పోయి ఒక కాగితం టైపు చేయించుకొచ్చాడు. అంతా ఇంగ్లీషు. కింద చుక్కల గీత.

"ఇక్కడ సంతకం పెట్టండి. ఇకమీదట ఇలా జరగదని రాసి ఉంది, అంతే" అంది సిస్టర్.

అంతే అని ఆమె అన్న తీరులోనే అంతే కాదని తెలిసింది. కాగితం పాప చేతికి ఇచ్చాను.

"చదువు పాపా."

"ఇంగ్లీషులో ఉండాది మా."

"ఈళ్ళు నీకు నేర్పింది అదే కదా. చదువు."

"చిన్నపిల్లతో ఎందుకు, నేను చెబుతున్నాను కదా" అని సిస్టర్ చేయి చాపింది. నేను పాపను నా వైపు లాక్కున్నాను. పాప మాటల కింద వేలు పెట్టుకొని, క్లాసులో నిలబడి చదివినట్టే గట్టిగా చదివింది. ఒక్కో ముక్కకు ఆగి నాకు తెలుగులో చెప్పింది.

"ఐ అంటే నేను. నేనంటే నువ్వు మా, రాసింది నువ్వు కాబట్టి. మై డాటర్ అంటే నా కూతురు. హోలీ కమ్యూనియన్ అంటే ఆ బిళ్ళ. హ్యాజ్ స్టోలెన్ అంటే..." అని ఆగింది. వేలు అక్కడే ఉంది. "దొంగిలించింది అని మా." మళ్ళీ కాగితం వైపు చూసింది. "మా, డాటర్ అంటే నేనేనా?"

సిస్టర్ ఒక్క క్షణం కిటికీ వైపు చూసింది. ఒక్క క్షణమే.

"ఆ ఒక్క మాట తీసేయండి. మిగతాదానికి ఎన్ని సంతకాలైనా పెడతా" అన్నాను.

"ఏ మాట ఉండాలో మీరు చెప్పకూడదు. సంతకం వచ్చేవరకు పాప క్లాసుకు రాదు. తీసుకుపోండి."

తీసుకొచ్చేశాను. ఆ ఎండలో పాప చేయి పట్టుకొని, బండల లారీలు లేపే దుమ్ములో నడిచి వచ్చేశాను. కంపాస్ బాక్సు కూడా తిరిగి ఇవ్వలేదు. దాన్ని ఏం చేశారో ఇప్పటికీ తెలియదు.

మా ఆయన షిఫ్టుకు పోయే ముందు సంగతంతా చెప్పాను. ఆయన అన్నం ముందు అలాగే కూర్చున్నాడు.

"ఒక్క మాటకోసరం సీటు పోగొడతావా?"

"ఆ ఒక్క మాట నువ్వు నీ కూతుర్ని అంటావా? అను సూద్దాం, నా ముందర."

"నేనెందుకంటా? కాగితంలో కదా. ఎవరు సూస్తారే దాన్ని? ఆ బీరువాలో ఏ మూలో పడి ఉంటాది."

"పడి ఉంటాది కదా? అదే. రేపు ఈ పాప పెద్దదైతాది. ఏందో పని మీద ఎవరో ఆ బీరువా తీస్తారు. కన్నతల్లే రాసిచ్చింది దొంగని. ఇంకెవరు నమ్మల్ల మన పాపను?"

"నీకు పంతం. సిస్టరు నాలుగో తరగతిని లెక్క చేయలేదని అప్పట్నుంచీ నీకు కడుపుమంట" అన్నాడు.

అందులో నిజం ఉంది. ఉందని అప్పుడు ఒప్పుకోలేదు. మంచంలోంచి మా అత్త ఏడుపు మొదలుపెట్టింది.

"తిన్నదాన్ని నేను. దొంగనని నా పేరు రాయమనప్పా. నాకేం బడా, పాడా? నా వేలిముద్ర తీసుకోమను."

మూడు రోజులు పాప ఇంట్లో ఉంది. పొద్దున్నే లేచి తనంతట తనే యూనిఫాం వేసుకొని, టై పెట్టుకొని, సంచీ తగిలించుకొని గడప మీద కూర్చునేది. బడి ఆటోలు పోవడం చూసేది. మధ్యాహ్నం దాకా అలా కూర్చొని, తర్వాత లేచి యూనిఫాం విప్పి మడత పెట్టుకునేది. ఒక్కసారీ ఎందుకని అడగలేదు. అడగకూడదని వాళ్ళు బాగా నేర్పారు. ఆ మూడు రోజులు నేను ఎన్ని జాకెట్లకు చేతులు తప్పుగా అతికించానో నాకే తెలుసు. అయినా మెత్తబడలేదు. సర్కారు బడిలో వేస్తాను, చదివేది అక్కడా చదువుతుంది, దొంగని మాత్రం రాసివ్వను అని గట్టి చేసుకున్నాను.

నాలుగో రోజు మా ఆయన పొద్దుటి షిఫ్టు నుంచి మధ్యలోనే వచ్చాడు.

"పాపను పంపు. సిస్టరు రమ్మనింది."

"సంతకం?"

"అక్కరలేదంట. పోనీలే అనింది."

"ఆ కాగితం?"

"చింపేసినారంట. పంపు మే, అయిపోయింది కదా" అని బావి దగ్గరకు పోయి ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

నేను ఆయన ముఖం చూడలేదు. నా సంతోషంలో నేనున్నాను. ఆ సాయంత్రమే జాకెట్టు కోసం వచ్చిన ఎదురింటామెకు చెప్పాను. "చదువురాని దాన్ని అనింది కదా, ఆ చదువురానిదానికే కాగితం చింపాల్సి వచ్చింది ఆమెకు" అని చెప్పాను. తర్వాత చెప్పే కొద్దీ కథ పెరిగింది. ఒకసారి సిస్టర్ తల వంచుకుంది, ఇంకోసారి పాప చేయి పట్టుకొని తానే క్లాసులోకి తీసుకుపోయింది. అవన్నీ నేను చూసినవి కావు. చెబుతుంటే వచ్చేవి.

బడి మాత్రం మారలేదు. ఆ నెల నుంచి పూజ ఉన్న రోజుల్లో వాళ్ళ చర్చికి చెందని పిల్లల్ని క్లాసులో పెట్టి గడియ వేసేవారు. కాపీ రాయించేవారు. బడి వదిలేటప్పుడు టీచరు మా పాప ఒక్కదాని సంచీ తెరిచి కొత్త కంపాస్ బాక్సు చూసి పంపేది. ఆ రోజుల్లో మాత్రమే. నాలుగేళ్ళు చూసింది. పాప అది కూడా ఒక లైను అనుకుంది, టీచరు పిలవకముందే డబ్బా తెరిచి పట్టుకొని నిలబడేది. నాకు చెప్పింది కూడా అలాగే, వానొచ్చిందని చెప్పినట్టు. నాకు కోపం వచ్చింది. అయినా గెలిచినదాన్ని కదా, కొంచెం ఓర్చుకోవాలి అనుకున్నాను. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. చింపేసిన కాగితానికి ఎవరైనా ఇంత కాపలా కాస్తారా?

మా అత్త ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగలేదు. గుడి నుంచి వచ్చినా, చావిడి నుంచి వచ్చినా, "నా పాలు" అనలేదు. మేమే తెచ్చి నోట్లో పెడితే, "ఇది తినొచ్చునా మే? ఎవరూ ఏమీ అనుకోరు కదా?" అని అడిగి తినేది. పాప అయిదో తరగతిలో ఉండగా పోయింది.

ఆ బడి ఏడో తరగతి వరకే. మొన్న ఎండాకాలం టీసీ తీసుకోవడానికి నేనూ పాపా పోయాం. పెద్ద సిస్టర్ ఆమే. జుట్టు నెరిసింది, చూపు నెరవలేదు. క్లర్కు పాప ఫైలు తెచ్చి ఆమె ముందు పెట్టి ముద్ర కోసం లోపలికి పోయాడు. ఆమె పాప మార్కులు చూసి తలాడించింది.

"మంచి పిల్ల. ఆ రోజు మీరు తప్పు ఒప్పుకోబట్టి ఇంతదూరం వచ్చింది. లేకపోతే మధ్యలోనే ఆగిపోయేది" అంది.

"ఎవరు ఒప్పుకున్నారు సిస్టర్?"

ఆమె ఫైలులో వెనక్కి తిప్పి ఒక కాగితం చూపించింది. అదే కాగితం. చుక్కల గీత మీద మా ఆయన సంతకం. ఆయన వేళ్ళు ఎప్పుడూ నీళ్ళలో నాని పగిలి ఉంటాయి, పెన్ను బిగించి పట్టుకుంటాడు. చివరి అక్షరం దగ్గర కాగితం చిరిగి ఉంది. ఇంకొకరి సంతకమని నాకు నేను చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా ఉంది.

"మీ ఆయన వచ్చి పెట్టారు. మీకు చెప్పలేదా?"

ఆ అడగడంలో నవ్వు ఉందో లేదో నేను చెప్పలేను. ఉందనే నాకనిపించింది. నాలుగేళ్ళుగా ఊరందరికీ చెప్పిన మాటలన్నీ ఒక్కసారిగా నా ముఖం మీద పడ్డాయి.

"ఆ కాగితం ఇట్లివ్వండి."

"ఇది స్కూలు రికార్డు. ఇవ్వకూడదు."

"చింపుతా."

"చింపితే టీసీ మీద సంతకం పెట్టను."

"మా, వద్దు మా. పోదాం పా" అని పాప నా కొంగు పట్టుకుంది. పన్నెండేళ్ళ పిల్ల. సిగ్గుతో ముఖం కందిపోయింది. దొంగ అన్నందుకు కాదు సిగ్గు, తల్లి ఆఫీసులో గట్టిగా మాట్లాడుతున్నందుకు. వాళ్ళు నేర్పిన సిగ్గే అది కూడా. దాని చేయి విడిపించుకున్నాను.

"ఒక తెల్లకాగితం ఇవ్వండి."

"దేనికి?"

"రాయల్ల."

"ఎవరు, మీరా?"

"నేనే."

ఇచ్చింది. ఇక పోతుంది కదా అనుకొని ఇచ్చి ఉంటుంది. నేను బల్ల మూలన కూర్చొని రాశాను. కూర్చోమని అప్పుడు కూడా ఎవరూ అనలేదు. నా చేత్తో పూర్తి కాగితం రాసి ఎన్నేళ్ళయిందో. అక్షరాలు ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా వచ్చాయి. క్లర్కు అన్నం తినడానికి పోయి వచ్చాడు, అప్పటికీ నేను రాస్తూనే ఉన్నాను. పాప సాయం చేస్తానంది, వద్దన్నాను. రాసింది ఇంతే.

"నేను ఈ పాప తల్లిని. నా కూతురు దొంగతనం చేయలేదు. బెంచీ లేస్తే లేచింది. ఫాదర్ ఇస్తే తీసుకుంది. మంచంలో ఉన్న అవ్వకు సగం పెట్టింది. సగం నాయనకు దాచింది. అది ఏమిటో మాకు తెలియదు. తెలియనందుకు నేను ఆ రోజే చేతులు జోడించాను. కింద ఉన్న కాగితం నేను రాసింది కాదు, నేను ఒప్పుకున్నదీ కాదు."

సంతకం పెట్టి ఇచ్చాను. సిస్టర్ చదివింది.

"అంటే మా ఫాదర్‌ది తప్పని రాశారా?"

"ఎవరిది తప్పో నేను రాయలేదు. జరిగింది రాసినా. దాన్ని ఆ కాగితం పైన పెట్టి గుచ్చండి. ముద్ర కూడా వేయండి."

"దీనివల్ల ఏం ప్రయోజనమమ్మా? పిల్ల వెళ్ళిపోతోంది."

"పిల్ల పోతాంది. ఫైలు పోదు కదా."

ఆమె కాగితం క్లర్కు వైపు తోసింది. క్లర్కు దాన్ని వెనక పెట్టబోయాడు. "పైన" అన్నాను. పైన పెట్టి పిన్ను కొట్టాడు, ముద్ర వేశాడు. టీసీ తీసుకొని వచ్చేశాం. వస్తామని చెప్పలేదు.

సాయంత్రం మా ఆయన రాగానే అడిగాను. గడప కూడా దాటనివ్వలేదు. ఆయన బుకాయించలేదు.

"పెట్టినా. పాప సంచీ తగిలించుకొని గడప మీద కూర్చునేది నాకు సూడబుద్ధి కాలే" అన్నాడు.

"సరే, పెట్టినావు. నాకెందుకు చెప్పలే నాలుగేండ్లు?"

"చెప్పల్లనే అనుకుంటి. నువ్వు ఆ పొద్దే ఎదురింటామెకు గెలిచినానని చెప్తాంటివి. మర్నాడు ఇంకొకామెకు చెప్తాంటివి. ఎట్ల చెప్పేది?"

అన్నం పెట్టాను, పక్కన కూర్చోలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఎంత అవసరమో అంతే మాట్లాడుతున్నాను. ఆయన చేసింది పాప కోసమే, అది నాకు తెలుసు. తెలిసినా కోపం పోవడం లేదు. సిస్టర్ సంతకం పెట్టమంది. ఈయన పెట్టాడు. రెంటిలో ఏది ఎక్కువ తప్పో నేను ఇంకా తేల్చుకోలేదు.

పాప హైస్కూలుకు పోతోంది. బాగానే ఉంది. ఆ సంగతి ఎత్తితే, "వదిలెయ్ మా" అంటుంది. నేను వదలను. ఆ రోజు మేము గేటు దాటగానే నా కాగితాన్ని పీకి చెత్తబుట్టలో వేసి ఉంటారని నా అనుమానం. దసరా సెలవులు అయిపోయాక ఒకసారి పోయి, ఫైలు తీసి చూపించమంటాను. లేకపోతే మళ్ళీ ఒక తెల్లకాగితం అడుగుతాను.